మెయిల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలా? ముందు ఫార్వర్డ్ బటన్ మీంచి చేయి తీయండి

పర్లాకిమిడిలో డీటీపీ షాపు నడపాలంటే ఒక్క భాషతో సరిపోదు. పాతపట్నం నుంచి పెళ్లిపత్రిక మేటర్ తెలుగులో వస్తుంది. ఇక్కడి ఆఫీసుల సర్క్యులర్లు ఒడియాలో ఉంటాయి. బరంపురం హోల్‌సేల్ షాపుల కొటేషన్లు ఇంగ్లీషులో. ఇవన్నీ ఒకే మెయిల్ ప్రోగ్రాములో తెరుచుకోవాలి. తెరిచాక అక్షరాలు సరిగ్గా కనబడకపోతే మావైపు అందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే: సిస్టమ్ ఫార్మాట్ కొట్టించడం. ఫార్మాట్ కొడితే మెయిల్ బాగుపడదు. కంప్యూటర్‌లో దాచుకున్న పాత మెయిల్స్ పోతాయి, పైగా మెకానిక్‌కి డబ్బులు. చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావాల్సినవి

కంప్యూటర్ కావాలి, ఫోన్ చాలదు. ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఈ రిపేరు చేసే వీలే లేదు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము వేసుకోండి, ఉచితమే. విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్ ఉంటే చాలు, ఇంకేం కొననక్కర్లేదు.

ఔట్‌లుక్ వాడేవాళ్లకూ దారి చెబుతాను గానీ, నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకూ థండర్‌బర్డే వేస్తాను. కంట్రోల్, యూ కలిపి నొక్కితే మెయిల్ లోపలి సరుకంతా బయటపెడుతుంది. అది చూడకుండా రిపేరు మొదలెట్టడమంటే నాడి పట్టకుండా మందివ్వడమే. జీమెయిల్‌ను బ్రౌజర్‌లో చూసేవాళ్లు మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. అక్కడ 'డౌన్‌లోడ్ ఒరిజినల్' అని ఉంటుంది. దిగిన ఫైల్‌ని థండర్‌బర్డ్‌లో తెరవండి.

ముందు జబ్బేదో తేల్చుకోండి

ఖాళీ డబ్బాలు కనబడుతున్నాయా? ఫాంట్ లేదు, అంతే. మెయిల్ భేషుగ్గా ఉంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంట్ వస్తోంది. తెలుగు, ఒడియా, దేవనాగరి మూడూ అందులోనే ఉన్నాయి. అంతకుముందు తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ ఉండేవి. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర 'అడ్వాన్స్‌డ్' నొక్కి, తెలుగుకు ఒకసారి, ఒడియాకు ఒకసారి నిర్మలా యూఐ పెట్టండి. అక్కడే కింద, మెయిల్స్ తమకిష్టమైన ఫాంట్ వాడుకోవడానికి అనుమతిచ్చే టిక్ ఒకటుంటుంది. దాన్ని తీసేయండి. పంపినవాళ్ల ఫాంట్ సరదా మన కంటికి శిక్ష కాకూడదు.

మా చుట్టుపక్కల ఆఫీసుల్లో ఇంకా పాత విండోస్ ఎక్స్‌పీ మిషన్లు కనబడుతుంటాయి. వాటిలో వత్తులు విడివిడిగా పడితే ఫాంట్‌ను తిట్టకండి. రీజనల్ సెట్టింగ్స్‌లో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' టిక్ పెట్టి ఉండరు.

వరసగా ప్రశ్నార్థకాలేనా? ఆ మెయిల్ మీద ఆశ వదులుకోండి. తెలుగు తెలియని ఏదో ప్రోగ్రాము దారిలోనో, పంపేచోటో ప్రతి అక్షరాన్నీ తీసేసి ప్రశ్నార్థకం పెట్టింది. అసలు అక్షరం అందులో మిగల్లేదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. మళ్లీ పంపమని అడగండి.

ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు కలగాపులగంగా ఉండి, పేరాలు మాత్రం పద్ధతిగా ఉన్నాయా? అది పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన మేటర్. తెలుగువాళ్లకు అను, ఒడియావాళ్లకు ఆకృతి, అటు మహారాష్ట్ర వైపు శ్రీలిపి. ఆ ఫాంట్ ఉన్నచోట అది చక్కటి తెలుగు, లేనిచోట గజిబిజి. అన్ని భాషలకూ ఒకే పట్టిక అయిన యూనికోడ్‌లోకి మార్చి పంపమనండి.

ఇక నాలుగోది. ఈ వ్యాసమంతా దాని కోసమే.

గీతల్లోనే భాష తెలుస్తుంది

తలమీద వాలు గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ అక్షరం, దాని పక్కన ° గానీ ± గానీ. ఇదే జంట పేజీ నిండా మళ్లీ మళ్లీ వస్తుంటే సంతోషించండి, అది తెలుగే. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా, అంటే చిన్న అంకెలుగా, పేర్చే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ఆ మూడింటినీ మూడు వేరువేరు ఇంగ్లీషు గుర్తులనుకుని మీ ప్రోగ్రాము చదువుతోంది. మొదటి రెండు బైట్లూ దాదాపు ఎప్పుడూ ఒకటే కాబట్టి ఆ జంట తిరిగి తిరిగి వస్తుంది. మూడోది అక్షరాన్ని బట్టి మారుతుంది. ర ఉన్నచోట రెండు ° గుర్తులు పక్కపక్కనే పడతాయి. దీర్ఘం ఉన్నచోట ¾, మ ఉన్నచోట ® వస్తాయి. కొన్నాళ్లు అలవాటైతే 'రామా' అన్న పిలుపును రిపేరు చేయకుండానే చదివేయొచ్చు.

° బదులు ¤ లేదా ¥ వస్తే అది దేవనాగరి, అంటే హిందీయో మరాఠీయో. ¬ వస్తే ఒడియా. సరిహద్దులో ఉండేవాళ్లకు ఇది తెలిసి తీరాలి. ఒడియా సర్క్యులర్‌ను తెలుగు అనుకుని గంటసేపు తలబాదుకుని ఏం లాభం?

ఇంగ్లీషు మెయిల్స్‌కీ ఈ బెడద ఉంది. 2010లో వచ్చిన కొత్త రూపాయి గుర్తు ₹ చెడితే టోపీ పెట్టిన ఏ, కామాలాంటి చుక్క, ఆపైన చిన్న ¹ కనబడతాయి. ఆ ¹ పక్కనే 500 ఉంటే కొటేషన్‌లో ధర 1500లా కనబడుతుంది. ఆర్డర్ పెట్టేముందు ఫోన్ చేసి అడగండి.

ఇక్కడే అందరూ చెడగొట్టేది

కాస్త నెమ్మదిగా చదవండి. ఫార్వర్డ్ చేయొద్దు, రిప్లై ఇవ్వొద్దు, ఆ గీతల్ని కాపీ కొట్టి వాట్సాప్‌లో పెట్టొద్దు. "బాబూ, నాకు సరిగ్గా రాలేదు, నీకెలా వచ్చిందో చూడు" అని తమ్ముడికి ఫార్వర్డ్ చేస్తారు చూడండి, మెయిల్ చచ్చిపోయేది అక్కడ. మీ దగ్గర ఉన్నంతసేపూ అది మంచి తెలుగు, తప్పుగా చదవబడుతున్న తెలుగు. ఫార్వర్డ్ నొక్కగానే మీ ప్రోగ్రాము తెర మీదున్న గీతల్నే నిజమైన అక్షరాలనుకుని, వాటిని కొత్తగా యూటీఎఫ్-8లో పేర్చి పంపుతుంది. తమ్ముడికి అందేది తెలుగు కాదు, గీతలే.

చిక్కేమిటంటే, తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. బాగున్న మెయిల్‌ని మీ ప్రోగ్రాము తప్పుగా చదివినా అవే గీతలు. మీకు రాకముందే ఎవరో చెడగొట్టిన మెయిల్‌ని మీ ప్రోగ్రాము ఉన్నదున్నట్టు చూపించినా అవే గీతలు. మొదటిదానికి ఒక్క నొక్కుడుతో నయం. రెండోదానికి ఆ నొక్కుడు పనిచేయదు. రెంటికీ ఒకే మందు వేసి, తగ్గలేదని ఫార్మాట్ దాకా వెళ్తారు.

తేడా పట్టుకోవాలంటే లోపలికి చూడాల్సిందే. ముందుగా కంట్రోల్, ఎస్ నొక్కి మెయిల్‌ని ఒక ఫైల్‌గా దాచుకోండి. తరవాత కంట్రోల్, యూ నొక్కండి. తెరుచుకున్న దాన్లో 'కంటెంట్-టైప్' అన్న లైన్ వెతకండి. ఒకటి కంటే ఎక్కువే ఉండొచ్చు. పైన 'మల్టీపార్ట్' అని ఉన్నదాన్ని చూసి ఆగిపోకండి, అది సంచి పేరు మాత్రమే. కిందికి వెళ్లి 'టెక్స్ట్/ప్లెయిన్' లేదా 'టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్' ఉన్న లైన్ పట్టుకోండి. దాని పక్కన 'చార్‌సెట్' అని ఉంటుంది. మేటర్‌ని ఏ అక్షరాల పట్టికతో చదవాలో చెప్పే చీటీ అది.

అక్కడ ఇంగ్లీషు తరహా పట్టికల పేర్లు, విండోస్-1252 అనో, ఐఎస్ఓ-8859-1 అనో, యూఎస్-ఆస్కీ అనో ఉంటే, లేదా చార్‌సెట్ అన్న మాటే లేకపోతే మీ అదృష్టం. సరుకు మంచిదే, చీటీ తప్పు. యూటీఎఫ్-8 అని సరిగ్గా రాసి ఉండి కూడా తెర మీద గీతలే ఉంటే, మీకు చేరకముందే చెడింది.

నమ్మకం కుదరకపోతే ఇంకో పరీక్ష. కింద మేటర్ నిండా సమాన గుర్తులు ఉంటే వాటి పక్కన ఏముందో చూడండి. ఈ-సున్నా (E0), ఆ వెంటనే బీ-సున్నా (B0) లేదా బీ-ఒకటి (B1) వస్తుంటే అది చెక్కుచెదరని తెలుగు. సీ-మూడు (C3), ఏ-సున్నా (A0), సీ-రెండు (C2), బీ-సున్నా (B0) అని పొడుగ్గా సాగుతుంటే ఒకసారి చెడినట్టు. సమాన గుర్తులే లేకుండా అక్షరాలూ అంకెలూ గోడ కట్టినట్టుంటే అది బేస్64 అనే మరో తరహా పేర్పు. దాన్ని కంటితో చదవలేం, చార్‌సెట్ లైన్‌నే నమ్మండి.

ఇంత తతంగం ఎందుకు పెట్టారంటారా? 1982లో మెయిల్ పంపే నియమాలు రాసినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేం వెళ్తాయని అనుకోలేదు. మిగతా భాషలను ఆ సన్నటి గొట్టంలోంచే పంపడానికి 1992లో మైమ్ అనే ఏర్పాటు వచ్చింది. ఈ చార్‌సెట్ చీటీ దాని పుణ్యమే. చీటీ సరిగ్గా అంటించని పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి, మనం అనుభవిస్తున్నాం.

చీటీ తప్పయితే

థండర్‌బర్డ్‌లో ఆల్ట్ నొక్కితే పైన మెనూ వస్తుంది. 'వ్యూ'లో 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' నొక్కండి, అయిపోయింది. పాత ఔట్‌లుక్‌లో మెయిల్‌ని డబుల్ క్లిక్ చేసి విడిగా తెరిచి, 'యాక్షన్స్', 'అదర్ యాక్షన్స్', 'ఎన్‌కోడింగ్' మీదుగా వెళ్లి యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

తెలుగు కనబడగానే సంబరంలో ఫార్వర్డ్ నొక్కేవాళ్లుంటారు. ఇప్పుడు కూడా వద్దు. చదవగలిగిన మేటర్‌ని కాపీ చేసి కొత్త మెయిల్‌లో పెట్టి పంపండి. అసలు మెయిలే పంపాల్సి వస్తే 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్' వాడండి. లోపలి సరుకు మారకుండా వెళ్తుంది.

ముందే చెడిపోయి వస్తే

మళ్లీ పంపమనడమే మంచిది. పంపినవాళ్లు దొరకనప్పుడే ఇది చేయండి. గీతల్ని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, 'సేవ్ యాజ్'లో ఎన్‌కోడింగ్ దగ్గర ఆన్సీ ఎంచుకుని దాచండి. కొన్ని అక్షరాలు పోతాయని హెచ్చరిక వస్తే అక్కడితో ఆపేయండి. రాకపోతే నోట్‌ప్యాడ్ మూసి, 'ఓపెన్' డబ్బాలో కింద ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టి అదే ఫైల్ తెరవండి. తెలుగు వస్తుంది, చాలామటుకు.

చాలామటుకు అని ఎందుకన్నానంటే, ఆన్సీ అంటే మన కంప్యూటర్లలో మామూలుగా ఆ విండోస్-1252 పట్టికే, అందులో అయిదు గడులు ఖాళీ. మన కొమ్ము, అంటే ఉకారం గుర్తు, దాని మూడో బైటు సరిగ్గా ఒక ఖాళీ గడిలో పడుతుంది. పొల్లుదీ అదే గతి. యూనికోడ్‌లో ప్రతి వత్తుకూ ముందు ఒక పొల్లు ఉంటుంది కాబట్టి అది జారిపోతే వత్తులన్నీ పోయినట్టే. కాపీ, పేస్ట్‌ల మధ్య ఈ రెండూ తరచుగా రాలిపోతాయి. గుణుపురం పేరులోనే మూడు కొమ్ములున్నాయి, ఇక ఆ ఊరి పెళ్లిపత్రిక ఎలా వస్తుందో ఊహించుకోండి. ఏ, ఐ, ఝ అక్షరాలకూ ఇదే ప్రమాదం. అందుకని ఇలా బాగుచేసిన మేటర్‌ని ప్రింట్‌కి ఇచ్చేముందు పేర్లన్నీ ఇంటివాళ్లతో చదివించండి.

ఇదంతా ఎందుకు, నెట్‌లో కన్వర్టర్ సైట్లు ఉన్నాయిగా అంటారు. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న మెయిల్‌ని ఊరూ పేరూ తెలియని సైటులో పేస్ట్ చేయడం నాకు నచ్చదు. నా షాపులో చేయనివ్వను. స్క్రీన్‌షాట్ తీసి పంపమనడం ఇంకో తెలివి. బొమ్మలోంచి అక్షరాలు మళ్లీ నేనే కొట్టాలి, అప్పుడు తప్పులు నా తలకు చుట్టుకుంటాయి.

పంపేవాళ్లకు చెప్పాల్సింది

ఒకే చోటునుంచి మాటిమాటికీ ఇలాగే వస్తుంటే మీ కంప్యూటర్‌ని మార్చి ప్రయోజనం లేదు. వాళ్లది పాత ఔట్‌లుక్ అయితే 'ఫైల్', 'ఆప్షన్స్', 'అడ్వాన్స్‌డ్'లోకి వెళ్లి, 'ఇంటర్నేషనల్ ఆప్షన్స్' దగ్గర బయటికి వెళ్లే మెయిల్స్‌కి యూటీఎఫ్-8 పెట్టుకోమనండి. అటాచ్‌మెంట్ బదులు winmail.dat అనే ఫైల్ వస్తుంటే రిచ్ టెక్స్ట్ మానేసి హెచ్‌టీఎంఎల్‌లో పంపమనండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్చే వీలు లేదంటే, కనీసం ధరల ముందు ₹ తీసేసి ఇంగ్లీషులో ఆర్ఎస్ అని కొట్టమనండి. చార్‌సెట్ చీటీ ఎలా ఉన్నా ఆ రెండు అక్షరాలు చెడవు.