'రా' బాగుందా, 'డైనమైట్' బాగుందా: పోటీ రెజ్లింగ్ షోలకి రివ్యూ రాయడం ఎలా

రెండు రెజ్లింగ్ షోలు చూపించి ఏది బాగుందో చెప్పమంటే మనవాళ్ళు ఎక్కువమంది తమ అభిమాన రెజ్లర్ ఎక్కడుంటే ఆ షోకే ఓటేస్తారు. దాన్ని రివ్యూ అనరు. ఇందులో మన తప్పు కూడా పెద్దగా లేదు లెండి, గుంటూరు, విజయవాడల్లో ముప్పై అయిదు దాటినవాళ్ళలో చాలామంది చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) కార్డులు ఆడి పెరిగినవాళ్ళే. హైటు, వెయిటు, చెస్టు, బైసెప్సు, ఎవడి కార్డులో నంబరు పెద్దదైతే కార్డు వాడిది, అండర్‌టేకర్ చేతికొచ్చినవాడు ఆ పూటకి రాజు. ఆ అలవాటు షోల దగ్గరా పోలేదు, ఇటు నలుగురు స్టార్లు, అటు ముగ్గురు, ఇటు గెలుపు అని లెక్కేసేస్తాం.

వారం వారం వచ్చే షోకి ఉన్న అసలు పని వచ్చే వారం కూడా మిమ్మల్ని టీవీ ముందు కూర్చోబెట్టడం. కాబట్టి రివ్యూ రాసేవాడు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పోయిన వారం ఇచ్చిన మాట ఈ వారం నిలబెట్టుకున్నారా? వచ్చే వారం చూడాలన్న ఆత్రం పుట్టించారా? మ్యాచ్ క్వాలిటీ, మాటల పదును, కెమెరా పనితనం అన్నీ ఈ రెండింటి తర్వాతే.

ముందు చూసే పద్ధతి సంగతి. డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ 'రా' అమెరికాలో సోమవారం రాత్రి, దాని పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూ వాళ్ళ 'డైనమైట్' బుధవారం రాత్రి, అంటే మనకి మంగళవారం, గురువారం పొద్దున. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలైతే వేసవిలో ఇక్కడ తెల్లవారి 5:30, వాళ్ళు నవంబరులో గడియారం వెనక్కి తిప్పాక 6:30. ఆ టైంకి లేచి చూసేవాళ్ళకి దండం, మిగతావాళ్ళం సాయంత్రం చూస్తాం, అందులో తప్పేమీ లేదు. కానీ రెండూ దాచుకుని ఆదివారం వరసగా చూసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, రెండోది ఏదైనా సరే చప్పగానే అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి కళ్ళు అలిసిపోయి ఉంటాయి. ఒక వారం ఇది ముందు, ఇంకో వారం అది ముందు చూడండి. ఫోన్ పక్క గదిలో పడేయండి, రిజల్ట్ ముందే తెలిస్తే చివరి నిమిషాల టెన్షన్ మీకు అందదు, అందనిదాని గురించి రాయలేరు కూడా. ఒకటిన్నర స్పీడులో అసలు చూడొద్దు. రెజ్లర్ దెబ్బ తిని లేవడానికి తీసుకునే టైమే సగం కథ, మీరు దాన్ని పరిగెత్తించి చూసి "ఎమోషన్ లేదు" అని రాస్తే ఎట్లా? యూట్యూబ్ ముక్కలు చూసి రివ్యూ రాసేవాళ్ళ గురించి ఏం చెప్పను, వదిలేద్దాం.

చేతిలో ఒక నోట్‌బుక్ ఉండాలి. గంట మోగినప్పుడు టైం, మ్యాచ్ అయిపోయినప్పుడు టైం, మైకు పట్టుకున్నప్పుడు, వదిలినప్పుడు టైం. పక్కన ఒక్క ముక్క మీకేమనిపించిందో, "ఊపు", "ఆవలింత", "ఎందుకిది?" చాలు. షో అయ్యాక కూడితే కుస్తీకి ఎంత పోయింది, మాటలకి ఎంత, పాత క్లిప్పులు మళ్ళీ మళ్ళీ చూపించడానికి ఎంత అన్నది తేలిపోతుంది. నిమిషాలకి నిమిషాలు పోల్చకండి, మొత్తంలో వాటా ఎంతో చూడండి. 'రా' 1993లో గంట షో, 1997లో రెండు గంటలైంది, 2012 జులైలో మూడు, నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్ళాక నిడివి ఒక్కో వారం ఒక్కో రకం. 'డైనమైట్' మామూలుగా రెండు గంటలు. మూడు గంటల షోలో నలభై నిమిషాల కుస్తీకీ రెండు గంటల షోలో నలభై నిమిషాల కుస్తీకీ చాలా తేడా ఉంది.

ఇక మ్యాచ్‌ని ఎలా చదవాలో చూద్దాం, ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను. టీవీ మ్యాచ్‌కి ఒక నడక ఉంటుంది. మొదట మంచివాడు ఊపు మీద ఉంటాడు, తర్వాత విలన్ ఏదో మోసం చేసి పైచేయి సాధిస్తాడు, చాలాసార్లు సరిగ్గా అప్పుడే బ్రేక్ వస్తుంది, బ్రేక్ నుంచి తిరిగొచ్చేసరికి విలన్ మంచివాడి మెడ పట్టుకుని నేల మీద కూర్చుని ఉంటాడు, అక్కణ్ణుంచి మంచివాడు లేవడం, జనం లేవడం, ఆఖరికి ఫినిష్. ఈ నడక తెలిసిపోయాక అందరూ బోర్ అంటారు, కానీ రివ్యూ రాసేవాడు చూడాల్సింది అందులో ఏం మార్చారన్నది. మొదట్లో కాలు విరగ్గొట్టినంత పని చేస్తే అయిదు నిమిషాల తర్వాత ఆ కాలు గుర్తుందా? కుంటుతూనే పరిగెత్తాడా, లేక తాడు ఎక్కి దూకేటప్పుడు కాలు సంగతే మర్చిపోయాడా? భుజాలు నేలకి ఆనించి రిఫరీ మూడు లెక్కపెడితే ఓటమి కదా, రెండు లెక్క దగ్గర భుజం లేపినప్పుడు జనం నిజంగా "అబ్బా" అన్నారా, లేదా అది ఎనిమిదోసారి కాబట్టి ఊరుకున్నారా? ఒకసారి రెండు నిమిషాలు సౌండ్ పూర్తిగా కట్టేసి చూడండి. కామెంటేటర్ గొంతు చించుకుంటున్నాడు కాబట్టి గొప్పగా అనిపించిందా, మ్యాచే గొప్పదా అన్నది వెంటనే తెలుస్తుంది. ముందే రికార్డు చేసిన షో అయితే జనం గోలని ఎడిటింగులో పెంచే వీలుంది, అందుకని చెవిని కాకుండా ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళ చేతుల్ని నమ్మండి, వాళ్ళు చప్పట్లు కొడుతున్నారా, ఫోన్ చూసుకుంటున్నారా.

ఫినిష్‌లు విడిగా రాసుకోండి. నికరంగా గెలిచినవి ఎన్ని, డీక్యూ (రూలు తప్పాడని ఓడినట్టు ప్రకటించడం) ఎన్ని, మధ్యలో ఇంకొకడు దూరి చెడగొట్టినవి ఎన్ని. ఒకటి దూరితే కథ, ఒకే రాత్రి మూడు మ్యాచ్‌ల్లో దూరితే రాసేవాళ్ళు చేతులెత్తేశారని అర్థం.

ఒక్కటి మాత్రం సరదాగా తీసుకోకండి. రిఫరీ రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఎక్స్ గుర్తు చూపించాడంటే సాధారణంగా నిజంగానే దెబ్బ తగిలిందని లెక్క. కథలో భాగంగా కూడా వాడిన సందర్భాలున్నాయి గానీ, అనుమానంగా ఉంటే ఆ మ్యాచ్ మీద జోకులు వేయకుండా ఉండటం మేలు.

మైకు పట్టుకుని మాట్లాడేదానికి, అదే ప్రోమోకి, నేను పెట్టే పరీక్ష చాలా చిన్నది. అయిపోయాక ఈ ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారు, ఎప్పుడు కొట్టుకుంటారు అన్నది ఒక్క వాక్యంలో మీరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఎన్ని పంచ్ డైలాగులు పడినా ఆ పది నిమిషాలు దండగే.

వీలైతే రెజ్లింగ్ బొత్తిగా పట్టనివాళ్ళని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఇంతకు మించిన కొలబద్ద నాకు దొరకలేదు. మా ఇంట్లో ఆ పని మా అమ్మది. గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు గిల్లుతూ కూర్చుంటుంది, చూస్తున్నట్టే ఉండదు. ఒకసారి ట్యాగ్ మ్యాచ్, అంటే జోడీల మ్యాచ్, నడుస్తోంది, ఒకడు లోపల చావుదెబ్బలు తింటున్నాడు, వాడి జోడీ తాడు బయట నిలబడి చెయ్యి చాపుతున్నాడు, వీడు పాకుతున్నాడు, విలన్ కాలు పట్టి వెనక్కి లాగుతున్నాడు. అమ్మ గిల్లడం ఆపేసింది. "ఆ పక్కనున్నోడు లోపలికొచ్చి రెండు పీకొచ్చుగా, ఆ చెయ్యి తగిలితేనే రావాలా?" అంది. ఆ రూలు చెప్పేలోపే చెయ్యి తగిలింది, వాడు లోపలికి దూకాడు, అమ్మ "ఊఁ, ఇప్పుడు కాని" అంది, కాడ ఇంకా చేతిలోనే ఉంది. తర్వాత స్టేజీ వెనక ఆఫీసు గదిలో మేనేజరు ఎవరితోనో ఏదో ఒప్పందం గురించి సాగదీస్తుంటే లేచి పొయ్యి మీద పప్పు చూడ్డానికి వెళ్ళిపోయింది. ఆ రోజు నా రివ్యూలో మొదటి రెండు పేరాలు అక్కడే తయారైపోయాయి.

మాట నిలబెట్టుకోవడం అన్నాను కదా, దానికి చరిత్రలో ఒక రాత్రి ఉంది, కుదిరితే ఆ రెండు షోలూ వెతికి పక్కపక్కన చూడండి. 1999 జనవరి 4. అప్పట్లో 'రా' కంపెనీకి పోటీ అయిన డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ళ 'నైట్రో' అట్లాంటాలోని జార్జియా డోమ్ నుంచి లైవ్, అదే టైంకి వచ్చిన 'రా' మాత్రం ముందే రికార్డు చేసిన షో. 1996 నుంచి 1998 ఏప్రిల్ దాకా వరసగా 83 వారాలు రేటింగుల్లో నెగ్గిన షో 'నైట్రో', అంటే అల్లాటప్పాది కాదు. ఆ రాత్రి దాని కామెంటేటర్ టోనీ షియవోనీ, పైవాళ్ళు చెప్పమన్నారు కాబట్టి, పక్క ఛానెల్లో 'రా' రెజ్లర్ మిక్ ఫోలీ టైటిల్ గెలవబోతున్నాడని ముందే బయటపెట్టి, దానికి జనం ఎగబడతారులే అని ఎద్దేవా చేశాడు. విన్నవాళ్ళు లక్షల్లో నిజంగానే ఛానెల్ మార్చి ఫోలీని చూడ్డానికి వెళ్ళిపోయారు. ఇటు 'నైట్రో'లో గోల్డ్‌బర్గ్‌కీ కెవిన్ నాష్‌కీ టైటిల్ మ్యాచ్ అని ఊరించి, కథలో గోల్డ్‌బర్గ్‌ని అరెస్టు చేయించి, బదులుగా హల్క్ హోగన్‌ని దింపారు, హోగన్ వేలితో ఛాతీ మీద పొడిస్తే నాష్ కుప్పకూలిపోయాడు, టైటిల్ చేతులు మారింది. రెండు షోలూ చూస్తే తేడా మీకే కనిపిస్తుంది. 'రా' చూసినవాడికి ఎన్నాళ్ళుగానో ఎదురుచూసినది దక్కింది, 'నైట్రో' చూసినవాడికి బోర్డు మీద రాసింది ఒకటి, వడ్డించింది ఇంకొకటి. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూని ప్రత్యర్థి కంపెనీయే కొనేసింది. ఆ ఒక్క రాత్రి వల్లే మునిగిందని రాసేవాళ్ళున్నారు, అది అతి, వెనకాల డబ్బు గొడవలు, టీవీ యాజమాన్యం మారడం చాలా ఉన్నాయి. మీరు రివ్యూలో అలాంటి పెద్ద తీర్పుల జోలికి పోకండి.

రేటింగుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బ్రాడీపేట టీ కొట్టు దగ్గర మా బావమరిదితో ప్రతి గురువారం ఇదే గొడవ. "బావా, నంబర్లు చూశావా? మీ షోని ఎవడూ చూడట్లేదు" అంటాడు. ఆ నంబర్లు దేన్ని లెక్కపెట్టాయో మాత్రం అడిగితే చెప్పడు. 2019 అక్టోబర్ 2న 'డైనమైట్' మొదలైన రాత్రి, అదే టైంలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ ఇంకో షో 'ఎన్‌ఎక్స్‌టీ' కూడా వచ్చింది, 'డైనమైట్'కి సుమారు 14 లక్షల మంది, 'ఎన్‌ఎక్స్‌టీ'కి 8 లక్షల 90 వేల మంది. రెండూ వచ్చింది అమెరికా కేబుల్ ఛానెళ్ళలోనే, కొలిచింది టీవీ ప్రేక్షకుల్ని లెక్కపెట్టే నీల్సన్ వాళ్ళే, కాబట్టి ఆ పోలిక చెల్లుతుంది. ఇప్పుడు 'రా' నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, 2025 జనవరి నుంచి అమెరికాలో, ఏప్రిల్ నుంచి మన దగ్గర కూడా. నెట్‌ఫ్లిక్స్ ప్రకటించే వ్యూస్ చూసిన గంటల్ని షో నిడివితో భాగిస్తే వచ్చేవి, ప్రపంచమంతా కలిపి. నీల్సన్‌ది అమెరికాలో నిమిషానికి సగటున ఎందరు చూశారన్న లెక్క. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి గెలుపోటములు చెప్పడం కుదరదు. పైగా బెంజ్ సర్కిల్లో మీరు, బ్రాడీపేటలో నేను, ఎంత కళ్ళప్పగించి చూసినా నీల్సన్ లెక్కలోకి రాము.

స్టార్ల సంగతి కూడా అంతే. రెజ్లింగ్ జర్నలిస్టు డేవ్ మెల్ట్‌జర్ మ్యాచ్‌లకి స్టార్లు ఇస్తాడు, 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో ఒకాడా, ఒమెగా మ్యాచ్‌కి అయిదు దాటించి ఆరు ఇచ్చాడు. బాగానే ఉంది, కానీ అవి ఒక్కో మ్యాచ్‌కి. నాలుగున్నర స్టార్ల మ్యాచ్ ఉన్న షో కూడా మొత్తంగా తేలిపోవచ్చు, ఆ మ్యాచ్ ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియనప్పుడు.

పోల్చేటప్పుడు వారం ఏదో చూసుకోండి. డబ్ల్యూడబ్ల్యూఈ ఏడాదికొకసారి పెట్టే పెద్ద షో రెసిల్‌మేనియా, దాని మర్నాటి 'రా'ని పక్క కంపెనీ మామూలు బుధవారంతో పోల్చి చిత్తు చేసేశామనుకోవడం అన్యాయం. పెద్ద షోకి ముందు వారం ఉండేది ఊరించడం, తర్వాతి వారం ఉండేది కొత్త కథలకి విత్తనం వేయడం. కనీసం నాలుగు వారాలు చూడనిదే ఏ షో పైచేయిలో ఉందో చెప్పకండి. కంపెనీల స్వభావం కూడా వేరు, ఏఈడబ్ల్యూ పొడుగు మ్యాచ్‌లతో లాగుతుంది, డబ్ల్యూడబ్ల్యూఈ కథనీ ఎంట్రన్సునీ కెమెరానీ నమ్ముకుంటుంది. దీనికి అది లేదని, దానికి ఇది లేదని ప్రతివారం ఏడవడం వల్ల చదివేవాడికి ఒరిగేదేమీ లేదు.

రాసేటప్పుడు మ్యాచ్ తర్వాత మ్యాచ్ కథంతా అప్పజెప్పకండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. స్పాయిలర్లు ఉన్నాయని పైన ఒక ముక్క రాసి, వెంటనే తీర్పు చెప్పేసి, దానికి కారణమైన రెండు మూడు సంగతులు మాత్రం పట్టుకోండి. "మెయిన్ ఈవెంట్ అదిరింది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "పద్నాలుగో నిమిషంలో దెబ్బ తిన్న మోకాలు చివరి దూకుడులో మొరాయించింది, అందుకే ఓడిపోయాడు, వచ్చే వారం వాడు కట్టుతో వస్తాడా అని చూడాలనుంది" అంటే చూడనివాడికి కూడా బొమ్మ కడుతుంది. డ్రెస్సింగ్ రూమ్ గుసగుసలు, ఎవడి కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందన్న పుకార్లు రివ్యూలోకి తేకండి, తెర మీద కనిపించనిది మీ పరిధిలోది కాదు. అయిదారు వందల మాటలు దాటితే కోసేయండి. ఇక మంగళవారం షో గురించి గురువారం రాస్తే చదివే నాథుడు ఉండడు, అప్పటికి అందరూ 'డైనమైట్' గొడవలో ఉంటారు, చూసిన రోజు రాత్రే పెట్టేయండి.