క్రెడిట్ కార్డు పాయింట్లతో టికెట్ కొనడం ఎలా?

మా ఇంట్లో అటక మీద ఒక డిన్నర్ సెట్ ఉంది. రెండేళ్లు కూడబెట్టిన క్రెడిట్ కార్డు పాయింట్లన్నీ ఊడ్చి బ్యాంకు క్యాటలాగులోంచి తెప్పించినది. అట్టపెట్టె ఇప్పటికీ విప్పలేదు. అవే పాయింట్లను విమాన టికెట్‌కి వాడి ఉంటే ఎంత కలిసొచ్చేదో తర్వాత లెక్క వేసుకుని నాలుక్కరుచుకున్నాను. మీ అటక మీద అలాంటి పెట్టె చేరకముందే చేయాల్సిన పనులు ఇవి.

ముందు పాయింటు ధర కనుక్కోండి

పాయింటు అంటే రూపాయి కాదు. పైగా ఒకే కార్డులో ఒకే పాయింటుకి ఒక్కోచోట ఒక్కో ధర ఉంటుంది. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ కార్డునే తీసుకోండి. రూ.150 ఖర్చుకి 4 పాయింట్లు వస్తాయనుకుందాం. అంటే 20,000 పాయింట్లు పోగవ్వాలంటే ఏడున్నర లక్షలు గీకాలి. ఆ పాయింట్లను బ్యాంకు వాళ్ల స్మార్ట్‌బై పోర్టల్‌లో విమానానికో హోటల్‌కో వాడితే పాయింటుకి 50 పైసల చొప్పున రూ.10,000. కార్డు బిల్లులో తగ్గించుకుంటే 20 పైసల చొప్పున రూ.4,000. నొక్కే బటన్ మారితే ఆరు వేలు తేడా! బ్యాంకులు ఈ రేట్లను తరచూ మారుస్తుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున మీ కార్డు పేజీలో మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఇదే లెక్కలో ఇంకో సంగతీ ఉంది. ఏడున్నర లక్షలకి పది వేలంటే ఒకటింబావు శాతం పైచిలుకు, అంతే. కార్డు బాకీ పూర్తిగా కట్టకుండా మినిమమ్ డ్యూ (బ్యాంకు కనీసం కట్టమనే చిన్న మొత్తం) కట్టి ఊరుకుంటే నెలకి మూడున్నర శాతానికి అటూ ఇటూగా వడ్డీ, దాని మీద జీఎస్టీ పడతాయి. బాకీ నడుస్తుంటే టికెట్ సంగతి తర్వాత, ముందు అది తీర్చేయండి.

పాయింట్లకు గడువు ఎప్పుడో కూడా చూడండి. చాలా కార్డుల్లో రెండేళ్లో మూడేళ్లో ఉంటుంది. కొన్ని బ్యాంకులు పాయింట్లు వాడుకున్న (రిడీమ్ చేసిన) ప్రతిసారీ రూ.99, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు రూ.117 తీసుకుంటాయి. అయిదారు వందల రూపాయల పాయింట్లకి అంత కట్టడం దండగ. కొంత పోగయ్యాకే వాడండి.

బ్యాంకు పోర్టల్‌లో కొనడం

కొత్తవాళ్లకి ఇదే తేలిక. బ్యాంకు ట్రావెల్ పోర్టల్‌లో లాగిన్ అయి, ఊరూ తేదీ కొట్టి, విమానం ఎంచుకోండి. అక్కడితో ఆగండి. పక్కన ఇంకో ట్యాబ్‌లో ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్ తెరిచి అదే విమానం, అదే రకం టికెట్ ఎంతుందో చూడండి. పోర్టల్‌లో రూ.6,700, ఎయిర్‌లైన్ దగ్గర రూ.6,200 ఉందనుకుందాం. మీరు వాడే పాయింట్ల విలువలోంచి ఆ అయిదు వందలు తీసేయాల్సిందే. కన్వీనియన్స్ ఫీజు చివరి పేజీలో గానీ కనపడదు కాబట్టి రెండు చోట్లా చివరిదాకా వెళ్లి పోల్చండి. చెక్-ఇన్ బ్యాగేజీ ఉన్న టికెట్టో కాదో కూడా చూడండి. చేతి సంచీతో సరిపెట్టుకోవాల్సిన టికెట్ పోర్టల్‌లో చవగ్గా కనపడుతుంది. తీరా ఎయిర్‌పోర్టులో ఆవకాయ జాడీల అట్టపెట్టెకి విడిగా డబ్బు కట్టాలి.

పేమెంట్ పేజీకి వచ్చాక పాయింట్లు వాడే ఆప్షన్ ఉంటుంది. ఎన్ని వాడాలో మీరే చెప్పొచ్చు. కొన్ని కార్డుల్లో టికెట్ ధరలో 70 శాతం వరకే పాయింట్లు పనికొస్తాయి, మిగతాది కార్డు మీద పడుతుంది. ఓటీపీ కొట్టేముందు ప్రయాణికుల పేర్లు ఆధార్‌లోనో పాస్‌పోర్టులోనో ఉన్నట్టే ఉన్నాయా అని ఒక్కసారి చదవండి. టికెట్ రద్దయితే పాయింట్లు పాయింట్లుగా ఎన్నాళ్లకి తిరిగొస్తాయో కూడా నిబంధనల్లో చూసుకోండి. ఇలా కొన్న టికెట్ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా చాలావరకు పోర్టల్ వాళ్లనే అడగాలి. ఎయిర్‌లైన్ కౌంటర్‌లో మాది కాదంటారు.

మైళ్లుగా మార్చడం

మైళ్లంటే దూరం కాదు, ఎయిర్‌లైన్లు తమ ప్రయాణికులకిచ్చే సొంత పాయింట్లు. ఇక్కడ లాభమూ ఎక్కువే, తలనొప్పీ ఎక్కువే. బ్యాంకు పాయింట్లను ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ లాంటి ఎయిర్‌లైన్ సభ్యత్వ ఖాతాలకి పంపి, అక్కడ మైళ్లతో టికెట్ తీసుకోవడం అన్నమాట. ఏ కార్డు నుంచి ఏ ఎయిర్‌లైన్‌కి పంపొచ్చో బ్యాంకు జాబితాలో ఉంటుంది. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలో ఉంది కాబట్టి ఆ మైళ్లతో కూటమిలోని మిగతా విమానాలు కూడా ఎక్కొచ్చు.

లాభమో కాదో ఇలా తేల్చండి. టికెట్ ధర రూ.9,000. మైళ్లతో అయితే 9,000 మైళ్లు, పన్నుల కింద చేతినుంచి రూ.1,800. మిగిలింది రూ.7,200, దాన్ని 9,000తో భాగిస్తే మైలుకి 80 పైసలు. బాగానే ఉంది కదా? కానీ మీ బ్యాంకు రెండు పాయింట్లకి ఒక మైలు ఇస్తే పాయింటుకి దక్కేది 40 పైసలే. పోర్టల్‌లో 50 వస్తుంటే ఈ తిప్పలెందుకు? అదే సీటు పండగ రద్దీలో రూ.14,000 పలుకుతూ, మైళ్ల ధర మాత్రం పెరగకపోతే లెక్క తిరగబడుతుంది, పాయింటుకి 67 పైసలు దాటుతుంది. కాకపోతే చాలా ఎయిర్‌లైన్లు రద్దీ రోజుల్లో మైళ్ల ధరను కూడా పెంచేస్తున్నాయి.

అందుకే సీటు కళ్లారా చూశాకే పాయింట్లు పంపండి. ఒకసారి పంపితే వెనక్కి రావు. బదిలీ కొన్నిచోట్ల నిమిషాల్లో అవుతుంది, కొన్నిచోట్ల రోజులు పడుతుంది.

మన తెలుగువాళ్లకి ఇంటిపేరుతో ఒక చిక్కు ఉంది. నా కార్డు మీద ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఎయిర్‌లైన్ ఖాతాలో పాస్‌పోర్టు చూసి ఇంటిపేరు పూర్తిగా రాశాను. పేర్లు కలవలేదని బదిలీ తిప్పికొట్టారు. మెయిళ్లు పెట్టి, పాస్‌పోర్టు కాపీ పంపి సరిచేయించుకునేసరికి తొమ్మిది రోజులు, ఈలోగా నేను చూసి పెట్టుకున్న సీటు కాస్తా పోయింది. ఆ టెన్షన్ మీకొద్దు. పాయింట్లు పోగవుతుండగానే రెండు చోట్లా పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

రైలు ఎక్కేవాళ్లకి

ఐఆర్‌సీటీసీ–ఎస్‌బీఐ కార్డు ఉన్నవాళ్లకి లెక్క సులువు. ఆ పాయింట్లు ఐఆర్‌సీటీసీ సైట్‌లో రైలు టికెట్‌కి పాయింటుకో రూపాయి చొప్పున పనికొస్తాయి. కార్డుతో వచ్చిన లాయల్టీ నంబరును ఐఆర్‌సీటీసీ ఖాతాకి ముందుగానే జోడించి పెట్టుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. జనవరి 12న సంక్రాంతికి ఊరెళ్లాలంటే నవంబరు 13 పొద్దున్నే కూర్చోవాలి. ఆ రోజు టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. అప్పుడు నంబరు జోడించడం మొదలుపెడితే వెయిటింగ్ లిస్టే గతి.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకి

అక్కడి చేజ్ బ్యాంకు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుల పాయింట్లను ఎయిర్ కెనడా వాళ్ల మైళ్ల ఖాతా ఏరోప్లాన్‌కి పంపే వీలుంది. పాయింట్ల టికెట్ల మీద ఎయిర్‌లైన్ సర్‌ఛార్జీ (పన్నులు కాక ఎయిర్‌లైన్ తానుగా వేసే అదనపు రుసుము) వేయకపోవడం దాని మంచి గుణం. పన్నులు మాత్రం కట్టుకోవాలి. డిసెంబరు సెలవులకి హైదరాబాద్ రావాలంటే వేసవిలోనే వెతకడం మొదలుపెట్టండి.

మెసేజ్ వస్తే

"మీ రూ.9,850 విలువైన పాయింట్లు ఈ రాత్రితో ముగిసిపోతాయి" అంటూ ఒక లింకో, ఏపీకే ఫైలో (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) ఫోన్‌కి వస్తుంది. ముట్టుకోకండి. అందులో కార్డు నంబరు కొట్టినా, ఫైలు ఇన్‌స్టాల్ చేసినా ఖాతా ఊడ్చేస్తారు. పాయింట్లు నిజంగా అయిపోతున్నాయేమో బ్యాంకు యాప్‌లో మీరే చూసుకోండి. పొరపాటున నొక్కేసి డబ్బు పోతే ముందు బ్యాంకుకి చెప్పి కార్డు బ్లాక్ చేయించి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.