యూనియన్ ఎన్నికల్లో యూనియన్ సొమ్ము ప్రచారానికి వాడకుండా చూడటం ఎలా?

మన రాజూరా, బల్లార్‌షా వైపు (మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా) బొగ్గు గనుల్లో యూనియన్ ఎన్నికలు వస్తున్నాయంటే టీ కొట్టు దగ్గర మొదట వినిపించేది "వాడు యూనియన్ డబ్బులు తిన్నాడు" అనే మాటే. నేను రెండుసార్లు ఎన్నికల కమిటీలో కూర్చున్నాను, డబ్బులు తిన్నవాళ్లెవరూ నాకు దొరకలేదు గానీ, ఆఫీసు జిరాక్స్ మీద రాత్రికి రాత్రే ఐదు వందల కరపత్రాలు తీసుకున్నవాళ్లు మాత్రం దొరికారు. అది తప్పని వాళ్లకే తెలియదు. "మన యూనియన్ మెషినే కదన్నా" అన్నారు. చిక్కంతా ఆ "మన" అనే మాటలోనే ఉంది, ఎందుకంటే అవతలి అభ్యర్థి కూడా అదే చందా కట్టాడు.

మొదటి పని, ఎన్నికల తేదీ ప్రకటించకముందే యూనియన్ ఆస్తుల చిట్టా రాసుకోండి. బ్యాంకు ఖాతా, రసీదు పుస్తకాలు అందరికీ గుర్తుంటాయి. లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు, మైకు సెట్టు, జీపు, అందులో పోసే డీజిల్, ఆఫీసు గది, సభ్యుల ఫోన్ నంబర్లు, వాట్సాప్ గ్రూపులు, ఆఫీసులో జీతానికి పనిచేసే కుర్రాడి టైము... ఇవన్నీ కూడా యూనియన్ సొమ్మే. ఎవరి దగ్గర ఏముందో పక్కన పేరు రాసి సంతకం తీసుకోండి.

తర్వాత బైలా, అంటే యూనియన్ నియమాల పుస్తకం తెరవండి, చాలాచోట్ల అది బీరువా అడుగున ఉంటుంది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది, అయినా మనకు కావలసిన సూత్రాలు పాతవే. సాధారణ నిధిని నియమాలు చెప్పిన పనులకే ఖర్చు పెట్టాలి. ఆఫీసు నిర్వహణ, ఆడిట్, కోర్టు కేసుల వంటివి ఆ పనుల్లో ఉంటాయి, ఫలానా అన్నను గెలిపించడం ఉండదు. కమిటీ ఎన్నిక మాత్రం కొత్త కోడ్ ప్రకారం రెండేళ్లకోసారి జరగాలి. లెక్కల పుస్తకాలు, సభ్యుల జాబితా చూసే హక్కు మామూలు సభ్యుడికి కూడా ఉంది, అడిగితే "నువ్వెవరివి" అనడానికి లేదు. ఇంకో మాట, కొందరు "రాజకీయ నిధి వేరే ఉంది కదా, అందులోంచి తీద్దాం" అంటారు. అది అసెంబ్లీ, మున్సిపాలిటీ లాంటి బయటి ఎన్నికల కోసం ఇష్టమున్నవాళ్లు ఇచ్చే విడి నిధి, మన కార్యదర్శి పోస్టర్ల కోసం కాదు.

ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు అనే వివరం మన చట్టంలో ఇంత విడమరిచి లేదు, అందుకే బైలాలో మనమే రాసుకోవాలి. ఈ విషయంలో అమెరికావాళ్ల 1959 చట్టం చాలా స్పష్టంగా ఉంది. అభ్యర్థిని బలపరచడానికి యూనియన్ సొమ్ముగానీ యజమాని సొమ్ముగానీ వాడకూడదు, నోటీసులకూ ఎన్నిక నిర్వహణకూ మాత్రం యూనియన్ సొమ్ము వాడొచ్చు. అభ్యర్థి తన ఖర్చుతో కరపత్రాలు పంపుకుంటానంటే యూనియన్ పంపిపెట్టాలి, ఒకరికి చేసిన పని అందరికీ చేయాలి. మేము మా నియమాల్లో దాదాపు ఇదే రాసుకున్నాం.

రాసుకోవడం తేలికే, అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. మా నోటీసు మరాఠీలో వేశారు. తెలుగు కార్మికులు చాలామంది మరాఠీ మాట్లాడతారు గానీ చదవలేరు, అందుకని అప్పటి కార్యదర్శి యూనియన్ గ్రూపులో తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. నామినేషన్ ఎప్పుడు, పోలింగ్ ఏ షిఫ్టుకి ఎప్పుడు, అన్నీ సరిగ్గానే చెప్పాడు. చివర్లో "మీ తమ్ముణ్ని మర్చిపోవద్దు" అన్నాడు. ముందంతా నోటీసు, ఆ ఒక్క ముక్క ప్రచారం. పోటీలో ఉన్నవాళ్లలో ఆ గ్రూపు అడ్మిన్ అతనొక్కడే. మేము మెసేజ్ తీయించాం, అడ్మిన్‌ని మార్చి ఎన్నికల అధికారికి ఇచ్చాం, ఫలితం వచ్చేదాకా అధికారి తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ పెట్టాం. నోటీసులు తెలుగు, మరాఠీ, హిందీ మూడింటిలోనూ యూనియన్ ఖర్చుతోనే వేయించాం, కింద ఏ అభ్యర్థి పేరూ లేకుండా. నన్నడిగితే జీపు కంటే, మైకు కంటే ఆ ఫోన్ నంబర్ల జాబితాయే పెద్ద ఆస్తి. ఇస్తే అభ్యర్థులందరికీ ఒకే రోజు ఇవ్వండి, లేదంటే ఎవరికీ ఇవ్వకండి.

ఆఫీసు గది, మైకు సంగతీ అంతే. అద్దె పెట్టి, వంతు వేసి, రసీదు రాసి ఇవ్వొచ్చు. జీపును మాత్రం ఇవ్వకపోవడమే మంచిది, డీజిల్ లెక్క ఎప్పటికీ తేలదు.

మేనేజ్‌మెంట్ వైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. కంపెనీ బండిలో తిరగడం, హాజరు వేయించుకుని డ్యూటీ టైములో ఓట్లు అడగడం, ఒక అభ్యర్థికే గేటు మీటింగ్‌కి అనుమతి దొరకడం, ఇవన్నీ యజమాని వనరులు. యజమాని యూనియన్ వ్యవహారాల్లో జోక్యం చేసుకోవడం, డబ్బుతోగానీ ఇంకోలాగానీ ఆసరా ఇవ్వడం చట్టం దృష్టిలో అన్యాయమైన కార్మిక పద్ధతి. ఇంటి దగ్గర, సొంత ఫోన్‌తో, డ్యూటీ అయ్యాక ఎవరు ఎవరికి ప్రచారం చేసినా అడిగే పని లేదు, పదవిలో ఉన్న నాయకుడికి కూడా ఆ హక్కు ఉంది.

తప్పు కనిపిస్తే టీ కొట్టు దగ్గర అరవకండి. ఫోటో తీయండి, తేదీ, టైము, ఎంతమందికి చేరిందో రాసి ఎన్నికల అధికారికి ఇచ్చి, మీ కాపీ మీద సంతకం తీసుకోండి. అక్కడ తేలకపోతే జనరల్ బాడీలో, అంటే సభ్యులందరి సమావేశంలో పెట్టండి, అప్పటికీ కాకపోతే కొత్త కోడ్ ప్రకారం యూనియన్ ఎన్నికల తగాదా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కి (కార్మిక తగాదాలు తేల్చే కోర్టులాంటిది) వెళ్తుంది. ఎంతమందికి చేరింది అనేది ఎందుకంటే, గెలుపు తేడా పదకొండు ఓట్లయి కరపత్రం ఐదు వందల మందికి వెళ్తే ఆ ఫిర్యాదుకి బరువుంటుంది, తేడా మూడు వందలయి కరపత్రం పదిమందికే వెళ్తే మందలింపుతో పోతుంది.

లెక్కింపు అయిన సాయంత్రమే బ్యాలెట్లు తగలబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దాన్ని ముందు మానిపించండి. అమెరికా చట్టంలో ఎన్నికల కాగితాలను ఏడాది పాటు దాచాలి, మేము కూడా అదే గడువు పెట్టుకున్నాం. గోనెసంచి కుట్టి, లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టాం. ఆ బీరువాకి రెండు తాళాలు, ఒక తాళంచెవి ఓడినవాళ్ల దగ్గరే ఉంచాం.