స్టైలో విత్తనం మొలవడం లేదా?

పర్లాకిమిడి దగ్గర మా పశువుల బీడులో చల్లిన స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) రెండేళ్లు సరిగా మొలవలేదు. నేలను తిట్టుకున్నాం కానీ, అడ్డం విత్తనం పైనున్న గట్టి పొరే.

3 లీటర్ల సలసల మరిగే నీటిని దించి, వెంటనే 1 లీటరు చన్నీళ్లు కలపండి. వేడి సుమారు 80 డిగ్రీలకు వస్తుంది, థర్మామీటరు అక్కర లేదు. పల్చటి గుడ్డలో వదులుగా కట్టిన అరకిలో విత్తనాన్ని అందులో 4 నిమిషాలు ముంచి తీయండి. గడియారం చూసుకోండి, ఎక్కువసేపు ఉంచితే విత్తనం ఉడికిపోతుంది. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, ఉదయం నీడలో ఆరబెట్టి, ఇసుకతో కలిపి చల్లండి. పైన ముళ్లకంప ఒకసారి లాగితే చాలు.

వాన పడి నేల పదునెక్కాకే ఈ పని పెట్టుకోండి. పొడి నేలలో చల్లితే నానిన విత్తనమంతా వృథా అవుతుంది.