సిరిమాను వీడియోలు ల్యాప్‌టాప్‌లోకి త్వరగా చేరాలంటే

సిరిమానోత్సవం అయిన రాత్రి విజయనగరంలో చాలా ఇళ్లలో ఒకటే పని: అందరి ఫోన్లలోని వీడియోలూ ఒకచోటికి చేర్చడం. దయచేసి దానికి బ్లూటూత్ వాడకండి. ఫోన్లలోని మామూలు బ్లూటూత్ ఎంత లాగినా సెకనుకు 3 మెగాబిట్లే. ఒక జీబీ వీడియోకు ముప్పావు గంటైనా పడుతుంది.

ల్యాప్‌టాప్‌లో 64 బిట్ విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే దగ్గర్లోని పరికరాల మధ్య ఫైళ్లు పంపుకునే గూగుల్ వారి యాప్ క్విక్ షేర్ వేసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ముందే ఉంటుంది. పక్కన ఎవరున్నారో వెతకడానికే బ్లూటూత్. అసలు బరువు మోసేది వైఫై. అందుకే రెండు వైపులా రెండూ ఆన్‌లో ఉండాలి. ఫోను ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, తెర ఆరిపోకుండా చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో ‘అందరి నుంచి’ స్వీకరించేలా పెట్టి, పని అవగానే మార్చేయండి. పండగ రద్దీలో ఎవరి ఫైళ్లో తలుపు తట్టడం ఎందుకు?

విండోస్ 7 దగ్గరే ఆగిపోయిన వారికి ఇది పనిచేయదు. కేబులే దిక్కు, అదేమీ తక్కువది కాదు.

ఇంకొకటి. పాత సామాన్ల దుకాణంలో ‘వైర్‌లెస్ యూఎస్‌బీ’ అని రాసిన డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) కనిపిస్తే మోజుపడకండి. మూడు మీటర్లలోపు సెకనుకు 480 మెగాబిట్ల వేగం దాని గొప్ప. విండోస్ లాంటిదే అయిన లినక్స్ 2008లో దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌కు చోటిచ్చింది, వాడేవారు లేక 2020లో తీసేసింది. డ్రైవర్ లేని డాంగిల్ ఎంత చవకైనా దండగే.