బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత తిండి తంటాలు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

స్లీవ్ (జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగల్చడం) చేయించుకున్నా, బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలపడం) చేయించుకున్నా మొదటి ఒకటి రెండు నెలలు డైటీషియన్ ఇచ్చిన చార్టే దారి చూపిస్తుంది. ముందు పల్చటి ద్రవాలు, తర్వాత చిక్కటివి, ఆపైన మిక్సీ పట్టినవి, మెత్తటివి. అసలు తికమక ఆ చార్టు అయిపోయి, ఇంట్లో అందరితో పాటు కంచం ముందు కూర్చున్నప్పుడు మొదలవుతుంది. మన కంచంలో అన్నానిదే పెద్దపీట, కూరా పప్పూ దానిలోకి కలుపుకునేవి. ఆపరేషన్ తర్వాత ఈ వరస తిరగబడాలి.

అసలు ఆకలే వేయడం లేదు

కారణం: ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం తీసేస్తారు, దాంతో పాటే ఆ భాగమూ పోతుంది. బైపాస్‌లో తీసేయడం ఉండదు గానీ, తిన్నది చిన్న సంచిలోంచి నేరుగా పేగులోకి దిగడం వల్ల కడుపు నిండిందన్న సంకేతం తొందరగా వస్తుంది.

ఏం చేయాలి: ఆకలి వేశాక తిందాంలే అనుకుంటే మధ్యాహ్నం మూడైనా ఏమీ తినరు. గడియారం చూసి తినండి, ఫోన్లో అలారం పెట్టుకోండి. మొదటి నెలల్లో పూటకు అరకప్పు దగ్గరే కడుపు నిండిపోతుంది కాబట్టి ఆ అరకప్పులో ఏముందన్నదే ముఖ్యం. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ తీసుకోమని సాధారణంగా చెబుతారు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల పన్నీర్‌లో సుమారు 18, వండిన చికెన్ 100 గ్రాముల్లో 25 పైనే ఉంటాయి. ముందు గుడ్డో, చేపో, పన్నీరో తినండి, తర్వాత కూరగాయ, ఇంకా చోటుంటే రెండు ముద్దల అన్నం.

శాకాహారులు పొరబడేది ఇక్కడే. రోజూ పప్పుచారు పోసుకుంటున్నాం కదా అంటారు, కానీ అందులో నీళ్లే ఎక్కువ. గట్టి ముద్దపప్పు, మెత్తగా ఉడికించిన మీల్ మేకర్, నీరు వడకట్టిన పెరుగు ఉండాలి. అయినా చాలకపోతే డాక్టరు చెప్పిన ప్రోటీన్ పౌడర్ వాడాలి. అన్నం లేకుండా పప్పు తింటుంటే ఇంట్లో పెద్దవాళ్లు “అదేం భోజనం?” అనడం ఖాయం. అననివ్వండి.

నాలుగు ముద్దలకే గుండెల్లో పట్టేసినట్టు ఉంది, నురగలాంటి వాంతి అవుతోంది

కారణం: తొందరగా తినడం, సరిగ్గా నమలకపోవడం. పదార్థం కూడా కారణం కావచ్చు. చపాతీ, బ్రెడ్, మెత్తటి అన్నం ముద్దకట్టి ఆగిపోతాయి, ఎండిపోయినట్టుండే చికెన్ ముక్క అంతకన్నా మొండిది.

ఏం చేయాలి: పట్టేసిన వెంటనే తినడం ఆపేయండి. నీళ్లు తాగి కిందికి తోసేద్దామని చూడకండి, నీళ్లూ పైకే వస్తాయి. లేచి మెల్లగా అటూ ఇటూ నడవండి. ఆ రోజుకు ద్రవాలతో సరిపెట్టుకుని మర్నాడు మెత్తటివి తినండి. ఇకనుంచి చిన్న స్పూను వాడండి, పూటకు 20-30 నిమిషాలు పట్టనివ్వండి. చాలామందికి కడుపు నిండగానే ఎక్కిళ్లు రావడమో, ముక్కు కారడమో జరుగుతుంది. అది కనపడిన తర్వాత ఒక్క ముద్ద కూడా అనవసరం. పెళ్లి భోజనాల్లో కొసరి కొసరి వడ్డించేవాళ్లకు దూరంగా కూర్చోవడం కూడా వైద్యంలో భాగమే.

మెల్లగా తిన్నా రోజూ వాంతులవుతుంటే దారి ఇరుకైందేమో ఎండోస్కోపీ చేసి చూస్తారు. వాంతులు ఆగకుండా రెండు రోజులు దాటితే ఇంట్లో ఉండొద్దు. విటమిన్ బి1 నిల్వలు శరీరంలో కొద్ది వారాలకే సరిపోతాయి. అవి అయిపోతే చూపు రెండుగా కనపడటం, నడక తూలడం, మతి తప్పడం మొదలవుతాయి. ఏ ఆసుపత్రికి వెళ్లినా గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేలోపే “నాకు ఫలానా ఆపరేషన్ అయింది, బి1 ఇచ్చారా?” అని అడగండి.

తిన్న కాసేపటికే దడ, చెమటలు, విరేచనం

కారణం: డంపింగ్. బైపాస్ వాళ్లలో ఎక్కువ, స్లీవ్ వాళ్లకూ రావచ్చు. తీపి పదార్థం ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగితే పేగు ఒంట్లోని నీటిని లోపలికి లాగుతుంది. ఇది 10-30 నిమిషాల్లో కనపడుతుంది. మరో రకం గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. అప్పుడు ఇన్సులిన్ అతిగా విడుదలై షుగర్ పడిపోతుంది, చేతులు వణుకుతాయి.

ఏం చేయాలి: స్వీట్లు, పళ్లరసాలు, కూల్‌డ్రింకులు మానండి. బూస్ట్, హార్లిక్స్ లాంటివి కూడా తీపి లెక్కలోకే వస్తాయి. షుగర్ మందులు వాడేవాళ్లకు ఆపరేషన్ తర్వాత పాత డోసు ఎక్కువైపోవచ్చు, డాక్టరు చేత మార్పించుకోవాలి.

తల తిరుగుతోంది, మలబద్ధకం

నీళ్లు చాలడం లేదు. రోజుకు కనీసం లీటరున్నర తాగాలి, అదీ గుక్కెడు గుక్కెడుగా. భోజనంతో పాటు వద్దు, తిన్నాక అరగంట ఆగండి. పల్చటి మజ్జిగ మంచిదే.

జుట్టు ఊడుతోంది

మూడు నుంచి ఆరు నెలల మధ్య చాలామందికి ఇది జరుగుతుంది. వేగంగా బరువు తగ్గినందుకు శరీరం స్పందించే తీరు ఇది, మళ్లీ మొలుస్తుంది. ఖరీదైన నూనెల జోలికి పోకుండా ప్రోటీన్ లెక్క చూసుకోండి, ఐరన్ పరీక్ష చేయించండి. ఐరన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్‌ను టీతో వేసుకోకూడదు.

ఏడాది అయ్యేసరికి ఆకలి తిరిగొచ్చింది

కారణం: ఇది ఊహించదగ్గదే. శరీరం సర్దుకుంటుంది, కాస్త ఎక్కువ తినగలుగుతారు. ఆపరేషన్ ఫెయిలైందని టెన్షన్ పడనక్కర్లేదు. అయితే ఆకలీ, తినాలనిపించడమూ ఒకటి కావు. పొట్టలో ఖాళీ మెల్లగా తెలుస్తుంది, ఉడికించిన గుడ్డుతోనైనా తీరుతుంది. సీరియల్ చూస్తుంటే హఠాత్తుగా మిక్స్చరే కావాలనిపిస్తే అది మనసు ఆకలి.

ఏం చేయాలి: జంతికలు, చిప్స్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్‌లతో జాగ్రత్త. నోట్లో కరిగి జారిపోతాయి కాబట్టి చిన్న జీర్ణాశయం కూడా వాటిని అడ్డుకోలేదు, గిన్నెడు తిన్నా కడుపు నిండినట్టు ఉండదు. అవి ఇంట్లో కనపడకుండా చూసుకోండి, పూటపూటా గట్టి ప్రోటీన్‌తో మొదలుపెట్టండి. మూడు వారాలు అలా చేసినా బరువు పెరుగుతూనే ఉంటే డైటీషియన్‌ను కలవండి. వెళ్లేటప్పుడు వారం రోజులు తిన్నవన్నీ, టీతో పాటు నంజుకున్న రెండు బిస్కెట్లతో సహా, రాసుకుని తీసుకెళ్లండి.