ఒంటరి గిటార్ - 4వ పాఠం: మన పక్కన మనమే

కిందటి పాఠంలో ప్రశ్న, జవాబు పద్ధతి నేర్చుకున్నాం. ఒకరు రెండు బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి) వాయించి ఆగాలి, రెండోవారు అందుకోవాలి. దానికి బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే చేసిన 'స్టార్ ఫ్లీట్ ప్రాజెక్ట్' ఉదాహరణగా తీసుకున్నాం. 1983 ఏప్రిల్ 21, 22 తేదీల్లో లాస్ ఏంజెలెస్‌లోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో, మరో రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌ని పక్కన పెట్టుకుని చేసిన పని అది. అప్పటికి క్వీన్ విడిపోలేదు, ఊపిరి పీల్చుకుంటోందంతే. రెండు రోజుల వాయింపు, మూడు పాటలు.

ఈసారి పక్కన ఎడ్డీ లేడు. మీ గది, మీ ఫోనో ల్యాప్‌టాపో, ఒక హెడ్‌ఫోన్. అంతే.

మే పూర్తి స్థాయి సోలో ఆల్బమ్ 'బ్యాక్ టు ద లైట్' 1992లో వచ్చింది. డ్రమ్స్‌కి కోజీ పావెల్ లాంటివాళ్లు వచ్చినా, పాడింది తనే, ముందున్న గిటార్ తనదే, దాని వెనక వరసకట్టిన గిటార్లూ తనవే. క్వీన్‌లో ఉన్నప్పుడే అలవాటు చేసుకున్న విద్య ఇది: ఒకే గిటార్‌ని మళ్లీ మళ్లీ రికార్డు చేసి వాయిద్య బృందంలా వినిపించడం. మనం ఇవాళ అందులో మొదటి మెట్టు ఎక్కుదాం, రెండు గిటార్లతో.

మనవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. కచేరీలో వయొలిన్ గాత్రాన్ని నీడలా అనుసరిస్తుంది, అదే స్వరం పట్టుకుని. మన చెవి దానికే అలవాటు పడింది. అందుకే రెండో గిటార్ అనగానే మొదటిదాన్నే మళ్లీ వాయించేస్తాం. హార్మనీలో, అంటే రెండు స్వరాలు ఒకేసారి కలిసి పలికే పద్ధతిలో, రెండోది వేరే స్వరం మీద నడవాలి.

క్లిక్ (లయ చూపే మెట్రోనోమ్ టిక్‌టిక్) నిమిషానికి 70లో పెట్టండి. మొదటి తీగ (అన్నిటికన్నా సన్నది) మీద 5, 7, 9 ఫ్రెట్లు (గిటార్ మెడ మీది మెట్లు) వాయించి రికార్డు చేయండి. 5వ ఫ్రెట్‌ని 'స' అనుకుంటే ఇది స, రి, గ. శంకరాభరణం మెట్లే. ఇప్పుడు రెండో ట్రాక్, అంటే దాని మీద చేరే రెండో రికార్డింగ్. రెండో తీగ మీద 7, 9, 10. అంటే కింది ధ, కింది ని, స. రెండూ కలిపి వినండి.

మూడోది 11 కాదు, 10. దాదాపు అందరూ తప్పేది ఇక్కడే. పైన రెండేసి ఫ్రెట్లు జరిగాం కదా అని కింద కూడా రెండేసి జరుపుతారు. 11 వాయిస్తే రాగంలో లేని స్వరం పడి పళ్లు జివ్వుమంటాయి. ఒకసారి కావాలని వాయించి చూడండి, జన్మలో మర్చిపోరు. లెక్కపెట్టాల్సింది ఫ్రెట్లు కాదు, స్వరాలు.

ఇదే లెక్క బెండ్‌లో (తీగను పక్కకి లాగి స్వరం పెంచడంలో) ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మొదటి ట్రాక్‌లో 7వ ఫ్రెట్ నొక్కి తీగను లాగి 'గ' అందుకోవాలంటే రెండు ఫ్రెట్ల దూరం లాగాలి. రెండో ట్రాక్‌లో 9 నుంచి 'స' దాకా ఒక్క ఫ్రెట్ దూరమే. ఒకటి నిండుగా, ఒకటి సగం. రెండూ ఒకే క్షణంలో గమ్యం చేరాలి. నాకు దీనికే పది రోజులు పట్టింది, మీకు రెండు రోజుల్లో వస్తే సంతోషం.

ప్రతి ట్రాక్ ముందూ ట్యూనర్ చూసుకోండి. ఒక్క గిటార్‌లో కనబడని అపశ్రుతి, రెండోది పక్కన చేరగానే బయటపడుతుంది.

శబ్దం విషయం. రెండు ట్రాకులకీ డిస్టార్షన్ (గరగర) తగ్గించండి, బేస్ (లోతైన శబ్దం) కోసేయండి. మే క్వీన్‌లో ఇలాంటి పొరల కోసం వాడిన బుల్లి ఆంప్‌ని (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెని) ఆ బ్యాండ్ బేసిస్టు జాన్ డీకన్ తయారు చేశాడు, ఎవరో పారేసిన చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో. పెద్ద ఆంప్ లేదని బాధపడేవాళ్లకి ఈ మాట చెబుతుంటాను. తర్వాత ఒకదాన్ని కొంచెం ఎడమకి, ఒకదాన్ని కొంచెం కుడికి జరపండి.

ఇంకొక్క మాట. ఒంటరిగా రికార్డు చేస్తున్నప్పుడు 'ఇక చాలు' అనేవాడు గదిలో ఉండడు. నేను మొదటిసారి ఏడు పొరలు పేర్చి, గర్వంగా తమ్ముడికి వినిపించాను. "బాగుందన్నయ్యా, పాటెప్పుడు మొదలవుతుంది?" అన్నాడు. ఐదు పొరలు తీసేశాను. మొత్తం పాటకి హార్మనీ తొడగొద్దు. లైను చివరి నాలుగు స్వరాలకి చాలు.

ఇంటిపని: మీకు బాగా వచ్చిన ఏదైనా పల్లవి చివరి లైను తీసుకోండి. ముందు స్వరాలు కాగితం మీద రాయండి. ప్రతిదాని కింద రెండు మెట్లు దిగువ స్వరం రాసి, నోటితో పాడి, ఆ తర్వాతే గిటార్ పట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితం కావాలి, దాని కింద బేస్ గీత ఒకటి చేరుస్తాం.